దేవుని పిడికెడు, సర్కారు కాంటా

ఎకనామిక్స్ చదివిన ఆడపిల్ల కోసం లోకమంతా కుర్చీలు వేసి ఎదురుచూస్తుందని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. ఆ రోజులు ఇచ్చినందుకు దేవునికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. చిన్నప్పుడు దమ్ము జబ్బుండి నేను బడికి పోలేదు. జనగామలో మా ఇంటి వరండాయే నా బడి, మార్కెట్ యార్డులో గుమాస్తాగా చేసే మా బాపే నా సారు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్నీ ఇంట్లో కూర్చునే చదివి, పరీక్షలకు మాత్రం బయటికి పోయి రాసి వచ్చాను. (అందుకే గిరాకీ, సరఫరా అనే మాటలు నాకు ఇప్పటికీ బాపు చొక్కాకు అంటిన మిర్చి ఘాటుతోనే గుర్తొస్తాయి.) డిగ్రీ చేతికొచ్చిన రోజు బాపు ఒక చార్టు కాగితం గోడకు అంటించి, నడుమ నా పేరు రాసి, చుట్టూ బాణాలు గీశాడు. ఎడమ దిక్కున సర్కారు: గణాంక శాఖ, ప్రణాళిక శాఖ, పెద్ద పరీక్ష గట్టెక్కితే ఢిల్లీలో ఆర్థిక సలహాల కొలువు. కుడి దిక్కున ప్రపంచం: తిండిగింజల లెక్కలు చూసే సంస్థ రోములో, కూలీల బాగోగులు చూసేది జెనీవాలో. అన్నిటికంటే కింద, సిగ్గుపడుతున్నట్టు చిన్న అక్షరాలతో, 'లెక్చరరు (ఏదీ కాకపోతే)'.

మా అమ్మ ఆ చార్టును చాలాసేపు చూసి, "రోముల దీనికి వంటెవరు చేస్తరు?" అని అడిగింది.

"గంత పెద్ద ఆఫీసుల క్యాంటీను ఉండదానె?"

"ఉంటది. పచ్చిపులుసు దొరుకుతదా?"

మరునాటి నుంచి అమ్మ నాకు పచ్చిపులుసు నేర్పడం మొదలుపెట్టింది.

ఆ యేడు వానాకాలం పంటకు ఒక అంతర్జాతీయ సంస్థ వాళ్లు సర్కారుతో కలిసి వరి దిగుబడి కొలిచే పని పెట్టుకున్నారు. భూపాలపల్లి జిల్లాకు తీసుకున్న నలుగురిలో నేనొకదాన్ని. మూడు నెలల కంట్రాక్టు, ఉండేది కాటారంలో. మూడు నెలలయ్యాక ఆ నలుగురిలో ఒక్కరిని ఏరి హైదరాబాదు ఆఫీసుకు తీసుకుంటామన్నారు. హైదరాబాదు తర్వాత ఢిల్లీ, ఢిల్లీ తర్వాత రోము. బాపు చార్టు మీద ఎర్ర పెన్నుతో హైదరాబాదు దగ్గర ఒక గీత గీసి పెట్టుకున్నాడు. నాకు ఆ ఒక్క చోటు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

పని వినడానికి సులువే. పై నుంచి వచ్చిన అంకెల పట్టీ ప్రకారం ఒక పొలం, ఆ పొలంలో ఒక జాగా వస్తుంది. అక్కడ నాలుగు గూటాలు పాతి, చుట్టూ తాడు కట్టి, తాడు లోపలి వరి మొత్తం మన కళ్లముందే కోయించి, కొట్టించి, తూర్పారబట్టించి కాంటా మీద పెట్టాలి. లోపలి గింజ ఒక్కటి కూడా బయటికి పోవద్దు. మా పైన ఉండే జిల్లా అధికారి సారు ఈ మాట రోజుకు పదిసార్లు చెప్పేవాడు. మేం ఆయనను తూకం సారు అనుకునేవాళ్లం (ఆయన టీలో చక్కెర కూడా చెంచా అంచుకు గీకి సమం చేసి వేసుకునేవాడు).

నా మొదటి పొలం కాటారం పక్క ఊళ్లో ఒక అవ్వది. అంకెలు చెప్పిన జాగా చేనంతటిలోకీ పలుచనైన మూలకు పడింది. అవ్వ అడ్డం నిలబడింది.

"గా మూలకు ఎందుకు పోతున్నవ్ బిడ్డా? గక్కడ నీళ్లెక్కవు. గిటు రా, గీడ చూడు ఎట్ల వంగిందో!"

"అంకెలు గాడికే వచ్చినయ్ అవ్వా."

"నీ అంకెలకు కండ్లు లేవా? చుట్టాలొస్తే ఇల్లు ఊడ్వని మూలకు కూసోబెడ్తమా? నా ఇజ్జత్ తీస్తున్నవ్ పో!"

అవ్వను బతిమాలి, నవ్వించి, తాడు కట్టేసరికి నాకు ఎంత సంతోషమైందంటే, కొడవలి నేనే తీసుకుని మొదటి పిడికెడు కోసి, కళ్లకద్దుకుని, అవ్వ కొంగులో పెట్టాను. "దేవుని గూట్ల పెట్టు అవ్వా" అన్నాను. మా ఇంట్లో కొత్త పంటలో మొదటి పిడికెడు దేవునిదే. ఊపిరి తీసుకోవడం ఎవరైనా ఆలోచించి చేస్తారా? నాకు అదీ అంతే. అవ్వ ముఖం వెలిగిపోయింది. "సర్కారోళ్లల్ల గూడ మంచోళ్లున్నరు" అని ఊరంతా వినబడేలా చెప్పింది. ఇంకేం, రెండో పొలంలోనూ, మూడో పొలంలోనూ అదే భక్తి.

నాలుగో పొలానికి తూకం సారు చూడడానికి వచ్చాడు. నేను పిడికెడు కోసి రైతు తువ్వాలలో పెడుతుంటే ఆయన కేక వేశాడు.

"ఆగాగు! అది ఎటు పోతున్నది?"

"దేవుని గూట్లెకు, సార్."

"తాడు లోపటిదా?"

"అవును సార్."

"మిగిలిన మూడు పొలాలల్ల?"

"గా మూడిట్ల గూడ పెట్టిన సార్. దేవుని దయ, ఒక్క దగ్గర గూడ మరువలే" అన్నాను, మెచ్చుకుంటాడేమోనని.

సారు ఒడ్డు మీద కూలబడ్డాడు. "ఫారంల దేవునికి గడి లేదమ్మా!" అన్నాడు. నాకు అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మర్నాడే ఢిల్లీ నుంచి మేడమ్ తనిఖీకి వస్తోంది, హైదరాబాదుకు ఎవరు పోవాలో తేల్చేది ఆమే. తువ్వాలలోని పిడికెడు వెంటనే వాపసు వచ్చింది. మిగతా మూడు పిడికిళ్లు దొరికితే తూచి కలుపుదామని సారు నన్ను బండెక్కించుకున్నాడు. దేవుని దగ్గరి గింజలు తిరిగి అడగడానికి కాంటా పట్టుకుని ఊళ్లు తిరిగిన వాళ్లం ఈ జిల్లాలో మేమిద్దరమే అయ్యుంటాం. రెండిళ్లలో ఆ గింజలు దంచి పరమాన్నంలో వేసేశారు. (మాకూ తలా ఒక గిన్నె పెట్టారు. సారు బాధపడుతూనే రెండోసారి వేయించుకున్నాడు.) ఇక మిగిలింది అవ్వ ఇల్లు. పొద్దుపోయిందని మర్నాడు తెల్లారగానే పోయాం.

"దేవునికిచ్చింది వాపసు అడుగుతవా? నా గూట్ల నుంచి కదిలియ్య. కావాలంటే నీ కాంటానే తెచ్చుకో దేవుని దగ్గరికి. చెప్పులు ఇడ్సి రా!" అంది అవ్వ.

సారు చెప్పులు విడిచి, కాంటాను రెండు చేతులతో పళ్లెంలా పట్టుకుని గూటి ముందు నిలబడ్డాడు. చూస్తే కంకుల్లో సగం ఉత్త గడ్డే.

"గింజలేవి అవ్వా?"

"కిటికీల నుంచి పిట్టలొచ్చి తిన్నయ్."

"ఎన్ని తిన్నయ్?"

"నన్నడుగుతవేంది సారూ? పిట్టలనడుగు!"

సరిగ్గా అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. నేను కొలిచిన మొదటి పొలం చూడాలని ఢిల్లీ మేడమ్ నేరుగా అక్కడికే వచ్చింది. లోపలికి తొంగిచూస్తే ఏముంది, జిల్లా అధికారి వట్టి కాళ్లతో, దీపం ముందు, పసుపుకుంకుమల నడుమ ఎండుగడ్డి తూస్తున్నాడు. ఆమె హిందీలో అడిగింది, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిబంధన తెలియదా అంది. తెలుసన్నాను. మరి ఎందుకు తీశావంది. "తీసినట్టు అనుకోలేదు మేడమ్. అది మొదటి నుంచీ పంటలో భాగమని నాకు తోచనే లేదు" అన్నాను. ఆమె నవ్వింది, నా భుజం తట్టింది, తర్వాత నా నాలుగు ఫారాల మీదా మూల నుంచి మూలకు గీత కొట్టింది. నాలుగోది కూడా ఎందుకంటే, నా చేయి ఇంకెక్కడ ఏం తీసిందో ఆమెకు ఎట్లా తెలియాలి? నేను ఆమె స్థానంలో ఉన్నా అదే చేసేదాన్ని. చివరికి మా నలుగురిలో టేకుమట్ల దిక్కు పొలాలు చూసిన అన్న హైదరాబాదుకు పోయాడు.

మేడమ్ మాటలు తెలియక అవ్వ నా ముఖం చూసింది. "ఏమైంది బిడ్డా? జర చెప్పు."

"లోపటి వడ్లు బయటికి తీసిన్నని నా హైదరాబాదు నౌకరి పోయింది అవ్వా."

"తాడు బయట గంత చేనుండె గద బిడ్డా. దేవుడు తాడు లోపటిదే కావాలన్నడా?"

ముందు తూకం సారు నవ్వాడు, తర్వాత ఏం అర్థమైందో ఏమో మేడమ్ నవ్వింది. నేను భూపాలపల్లి బస్సెక్కి, దారి పొడవునా ఏడుస్తూ నవ్వుతూ పోయాను. ఇంత చదివి, ఇంత మొక్కి, ఆ ఒక్క ముక్క నాకెందుకు తట్టలేదో!

ఇప్పుడు నేను మహబూబాబాదులో గణాంక శాఖలోనే ఉన్నాను. అన్నం పెట్టే పని, దేవునికి రుణపడి ఉన్నాను. కోతల కాలంలో కొత్తగూడ దిక్కు పొలాలకు పోతే ముందు రైతుతో బయటి వైపు ఒక పిడికెడు కోయించి, ఆ తర్వాతే తాడు కట్టిస్తాను. నా తూకాల్లో తప్పు దొరికిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. కానీ ఎప్పుడైనా ఆ గూటాలు పాతుతుంటే, కళ్లకద్దుకున్న కంకులతో చేలో నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. దానికి కళ్లముందు కట్టిన తాడు కూడా కనిపించలేదు. నేనిప్పుడు ఏ తాడు ఎక్కడుందో చీకట్లోనైనా చెప్పగలను. అందుకే కాబోలు, ఆ పిల్ల మీద కోపం రాదు, కొంచెం అసూయ.