చక్కెర ఎక్కువైన టీ

కాజాలక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. చొక్కాలకు కాజాలు కుడుతుంది. కుడుతున్నంతసేపూ నోరు కూడా సూదితో పాటే ఆడుతుంది. టైలరు సైతం ఆమె నోటికి జడిసి బేరమాడడు. అంతటి గయ్యాళీ తమ్ముడి దగ్గరకొచ్చేసరికి పిల్లి అయిపోతుంది.

ఆ తమ్ముడు ఒకప్పుడు గోడల మీద అక్షరాలు రాసేవాడు. కొన్నాళ్ళకు ఆ గోడలే తనను తిడుతున్నాయన్నాడు. మందులు వాడాక నిమ్మళించాడు. బాగయ్యాను కదా అని మానేశాడు. ఓ వానలో ఇల్లు వదిలి పోయి, చివరికి బస్టాండులో చెప్పుల్లేకుండా, తనను తిట్టొద్దని దారినపోయేవాళ్ళను బతిమాలుకుంటూ దొరికాడు. ఆనాటి నుంచి కాజాలక్క మాత్ర నూరి వాడి పొద్దుటి టీలో కలుపుతోంది. చేదు తెలియకుండా చక్కెర బాగా దట్టిస్తుంది. డాక్టరమ్మ అడిగితే మాత్రం, "వాడే వేసుకుంటున్నాడమ్మా" అంటుంది. అది తప్పో ఒప్పో కూర్చుని ఆలోచించే తీరిక ఆమెకెవరిచ్చారు గనక?

ఇలా ఉండగా ఆస్పత్రివాళ్ళు సమావేశం పెట్టారు. మనసు జబ్బుల మీద ఇకముందు ఏ పరిశోధన ముందు చెయ్యాలో రోగుల్నీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ అడిగి తేల్చుకుంటారట. ఎవరికి తోచిన ప్రశ్న వాళ్ళు చెబితే డాక్టరమ్మ బోర్డు మీద రాస్తుంది. ముఖ్యమనిపించినదాని పక్కన ఎర్ర స్టిక్కర్లు అంటించాలి. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళిన కాజాలక్క అందరికంటే ముందు లేచింది.

"మందొద్దనేవాళ్ళ చేత మందెలా మింగించాలో కనిపెట్టండమ్మా. మిగతావన్నీ ఆ తర్వాతే!"

ఇంట్లోవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆమె తన స్టిక్కర్లు ఒక్కటి మిగిల్చి అన్నీ దానికే అంటించేసింది. అప్పుడు, పొద్దుట్నుంచీ ఉలుకూ పలుకూ లేని తమ్ముడు చెయ్యెత్తాడు.

"చెప్పకుండా తిండిలో మందు కలిపితే, ఆ మనిషి మళ్ళీ ఎవరి చేతి ముద్దయినా నమ్మి తినగలడా? అది చూడండి మేడమ్."

కాజాలక్క చటుక్కున తమ్ముడి వైపు తిరిగింది. తమ్ముడు ఆమె వైపు చూడలేదు. డాక్టరమ్మ "మంచి ప్రశ్న" అంటూ బోర్డు మీద రాసింది. అది ఎవరింటి ప్రశ్నో ఆవిడకేం తెలుసు పాపం! కాజాలక్క సిగ్గుతో చచ్చిపోయింది. మిగిలిన స్టిక్కరు బొటనవేలికి అతుక్కుని ఊడి రాదు. ఎలాగో పీకి, తమ్ముడి ప్రశ్న పక్కన అంటించి, తల వంచుకుని వచ్చి కూర్చుంది.

ఇంటికి వచ్చే దారిలో ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసురా?"

"మొదట్నుంచీ. అంత చక్కెర నువ్వెప్పుడేశావక్కా?"

"మరి తెలిసీ ఎందుకు తాగావు?"

"మానేస్తే ఇంక దేంట్లో కలుపుతావో తెలీదుగా. టీలో ఉందని తెలుసు కాబట్టే అన్నం భయం లేకుండా తిన్నా."



మర్నాడు పొద్దున టీ గ్లాసు వాడి ముందు పెట్టి, మాత్రను పక్కనే సాసర్లో పెట్టింది. ఆ బస్టాండు కళ్ళ ముందు మెదిలింది. తమ్ముడు గ్లాసు ఎత్తి వాసన చూశాడు.

"ఇందులో లేదు కదా?"

"లేదురా. ఒట్టు."

వాడు గ్లాసును ఆమె వైపు జరిపాడు.

"ముందు నువ్వు తాగు."

ఓ గుక్క తాగింది. ఆ తర్వాతే వాడూ తాగి, గ్లాసు ఖాళీ చేసి లేచి వెళ్ళాడు. మాత్ర సాసర్లోనే ఉంది.