అరవయ్యో పుల్ల

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నాకు కడుపు రాలేదు గానీ, ఉన్న కడుపులో పేగుకి కన్నం పడింది. అదీ ఏ కత్తితోనో కాదు, బొటనవేలంత కూడా లేని కొబ్బరీనె పుల్లతో. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ఏదైనా తింటూ చదువుతుంటే మాత్రం, ముందు అది శుభ్రంగా నమిలి మింగెయ్యండి.

అప్పటికి నాకు పెళ్ళయి రెండు నెలలు. రాజోలులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారిని. అత్తవారిది కొత్తపేట దగ్గర పల్లెటూరు. ఆ ఇంట్లో మా ఆవిడ వాణికి నాయనమ్మ ఉన్నారు, సూరమ్మగారు. ఆవిడ బడి మొహం చూసి ఎరగరు. కానీ పొట్టిక్కల బుట్టలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆవిడని మించినవాళ్ళు లేరు. నాలుగు పనసాకులు కలిపి, నాలుగు ఈనె పుల్లలు గుచ్చితే బుట్ట. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్క. తినేవాడు పుల్లలు నాలుగూ లాగి, ఆకు విప్పి, కొబ్బరి పచ్చడి నంజుకుని తినాలి. కష్టమేముంది చెప్పండి? మూడేళ్ళ పిల్లలు కూడా తింటారు.

ఒక ఆదివారం పొద్దున అత్తవారింట్లో నేను పీట మీద కూర్చునేసరికి వంటింట్లో వాదన జరుగుతోంది.

"అత్తయ్యగారూ, ఇంక బుట్టలు మానెయ్యండి. మీకు కళ్ళు ఆనట్లేదు. ఎవరి నోట్లోనైనా పుల్ల పడితే ఏంటి గతి?" అని మా అత్తగారు.

"నలభయ్యేళ్ళ నుంచీ కుడుతున్నానే. ఒక్కళ్ళ నోట్లో పడిందేంటి? పడిన్నాడు నేనే మానేస్తాను. మళ్ళీ పనసాకు ముట్టుకుంటే ఒట్టు!" అని సూరమ్మగారు.

అదే నోటితో ఆవిడ నాకు మూడు పొట్టిక్కలు వడ్డించి, ఎదురుగా కూర్చుని, మసకబారిన కళ్ళతో నా మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. నేను మా స్కూల్లో నా ప్రతాపం గురించి మామగారికి చెబుతూ తింటున్నాను. నేను లేకపోతే రాజోలులో ఎవరికీ కూడికలు రావన్నంత ధోరణిలో ఉన్నాను. మూడో పొట్టిక్కకి పుల్లలు మూడు లాగాను. నాలుగోది కూడా లాగాననే అనుకున్నాను. లెక్కల మాస్టారిని కదా, ధీమా!

పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని రెండుసార్లు నమిలాక తెలిసింది, లోపల పుల్ల ఉందని.

మింగలేక కక్కలేక అంటారే, ఆ మాట పుట్టింది నాకోసమే. ఉమ్మేశానా, ఆవిడ నలభయ్యేళ్ళ పేరు అక్కడే, ఆ విస్తట్లోనే పోతుంది. అందరూ ఆవిడ కళ్ళనే అంటారు గానీ, నా వాగుడుని ఎవరూ అనరు.

"ఎలా ఉన్నాయి బాబూ?" అన్నారు ఆవిడ, ఆశగా.

గుటుక్కున మింగేశాను. వెనకాలే చెంబుడు నీళ్ళు.

"చాలా సాఫీగా దిగిపోతున్నాయండి," అన్నాను.

మంగళవారం రాజోలులో బొడ్డు దగ్గర నొప్పి మొదలైంది. వాణి వాము నీళ్ళిచ్చింది. బుధవారానికి నొప్పి కుడివైపు కిందకి దిగింది, జ్వరమూ వచ్చింది. అమలాపురంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సర్జను ఒక నడివయసావిడ. నా పొట్ట నొక్కి, వదిలి, నేను పెట్టిన కేక విని తల పంకించారు.

"ఏమైనా మింగేరా అండీ? చేప ముల్లు గానీ, కోడి ఎముక గానీ?"

"అబ్బే, లేదండి."

చూశారా, ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆవిడ అడిగినవి రెండూ నేను మింగలేదు. ప్రశ్నలో అడిగినదానికే జవాబు రాయమని పిల్లలకి చెప్పి చెప్పి నాకూ అదే అలవాటైంది.

ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదు. స్కానింగు చేస్తే కుడివైపు వాపు కనిపించింది. "అపెండిక్సులా ఉంది. రేపు పొద్దున్న తీసేద్దాం," అన్నారు. నాకు లోపల్లోపల సంతోషం. ఎలాగూ పొట్ట కోస్తారు, అందులో పుల్ల కూడా కొట్టుకొచ్చేస్తుంది, సూరమ్మగారి పరువు దక్కుతుంది అనుకున్నాను. ఇలాంటివాడు ఇరవై మంది పిల్లలకి లెక్కలు చెప్పేవాడండీ! కానీ వాణి మంచం పక్కన కూర్చుని పుస్తెలు తీసి కళ్ళకద్దుకుంది. అది చూసి మొదటిసారి భయం వేసింది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

అంతలో సూరమ్మగారు వచ్చారు. వెనకాలే అత్తగారు. పెద్దావిడ ఎవరినీ పలకరించకుండా సర్జనుగారి ముందుకెళ్ళి, కొంగు ముడి విప్పారు. నిండా ఈనె పుల్లలు.

"డాక్టరమ్మగారండీ, ఆదివారం పదిహేను బుట్టలు కుట్టేనండి. బుట్టకి నాలుగు చొప్పున అరవయ్యండి. తిన్నాక ఏరితే యాభై తొమ్మిదే వచ్చేయండి."

"అత్తయ్యగారూ, ఇప్పుడా పుల్లల గొడవ!" అన్నారు అత్తగారు.

"ఉండవే. తినేసిన ఆకులు దూడకి వేసేం కదా? అదే మింగిందనుకుని మూడ్రోజులు దాని వెనకాలే తిరిగేనండి. వేసిన పేడంతా చిదిమి చూసేను. దూడ నిక్షేపంలా ఉందండి, గంతులేస్తోంది. మరి..."

గదిలో ఉన్న కళ్ళన్నీ నా వైపు తిరిగాయి.

"ఏవండీ?" అన్నారు సర్జనుగారు.

"ఆయ్," అన్నాను.

వెంటనే సీటీ స్కాన్ తీశారు. చిన్నపేగు చివర సన్నటి గీత. పుల్ల మొన పేగు గోడని పొడుచుకుని బయటికి తొంగి చూస్తోందట. "చెక్క ఎక్స్‌రేలో కనపడదండి. ఆదివారమే చెప్పుంటే నోట్లోంచి గొట్టం వేసి తీసేసేవాళ్ళం. ఇంకో రోజు ఆగుంటే కడుపంతా చీము పట్టేది," అన్నారావిడ. ఆ పూటే మూడు చిన్న కన్నాలు పెట్టి పుల్ల తీసి, పేగుకి కుట్లు వేశారు.

మర్నాడు కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన సూరమ్మగారు ఉన్నారు.

"తెలిసే మింగేరా బాబూ?"

"ఆయ్."

"ఎందుకండీ?"

"మీరు బుట్టలు మానేస్తారనండి."

ఆవిడ నా తల మీద చెయ్యి వేశారు. "పిచ్చి సన్నాసీ! బుట్టలు పోతే పోయేయి. నువ్వు పోతే నిన్నెక్కడ కుట్టుకొచ్చేదిరా నేను?"

అప్పటిదాకా ఆ ఇంట్లో నన్ను ఒక్కరూ నువ్వు అనలేదు. పొట్ట మీద కుట్లున్నా నాకు ఏడుపు ఆగలేదు. ఏడిస్తే కుట్లు నొప్పి, నొప్పికి మళ్ళీ ఏడుపు. నర్సు వచ్చి ఇద్దరినీ కోప్పడింది.

"ఏదైతేనేం, ఒట్టు ఒట్టే. ఇంక పనసాకు ముట్టుకోను," అన్నారు పెద్దావిడ కళ్ళు తుడుచుకుని.

రౌండుకి వచ్చిన సర్జనుగారి చెవిన ఆ మాట పడింది. "అదేంటండీ? మేమూ ఆపరేషన్లో గుడ్డముక్కలతో సహా లెక్కపెట్టి, సరిపోతేనే పొట్ట మూస్తాం. మీ లెక్కే ఈయన్ని బతికించింది. పుల్ల లాగకుండా తిన్నది ఈయన. మానాల్సింది మీరా?" అని, చిన్న సీసాలో పెట్టిన పుల్లని ఆవిడ చేతిలో పెట్టారు.

అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. "సరేలెండి అత్తయ్యగారూ. మీరే కుట్టండి. పుల్లలు నేను చీల్చిస్తాను," అన్నారు.

సూరమ్మగారు సీసా మూత తీసి, పుల్లని కొంగులోని పుల్లల్లో కలిపి ముడేసుకున్నారు. "అరవై. సరిపోయేయి," అన్నారు.

ఇప్పుడు పొట్టిక్కలు పెట్టినప్పుడల్లా నేను పుల్లలు లాగి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కపెట్టి ఆవిడ అరచేతిలో పెడతాను. ఆవిడ వేళ్ళతో తడిమి, "ఆయ్, ఇంక తినరా," అంటేనే ముద్ద ఎత్తుతాను. మా ఆరో తరగతి పిల్లలు చూస్తే నా పరువేం కాను!

కాబట్టి పాఠకులందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. మర్యాద కోసం ఇకమీదట ఎంతసేపైనా చేతులు కట్టుకు నిలబడతాను, ఉప్పులేని కూరని అమృతమంటాను, కానీ నోట్లో పడ్డ పుల్లని మాత్రం మింగను. నా నేరానికి మూడు రోజులు అనుమానం మోసిన ఆ దూడ మీద ఒట్టు.