మొదటి వరుసలో చదవరాని పిల్లలు

2011 జూన్‌లో నన్ను చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు సర్కారు ప్రాథమిక బడుల పర్యవేక్షణకు వేశారు. హోదా డిప్యూటీ ఇన్‌స్పెక్టర్. బడికి వెళ్లాలి, పిల్లల చేత చదివించాలి, చూసింది విజిట్ బుక్కులో రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకం పేజీలకు నంబర్లుంటాయి, చింపడానికి లేదు.

ఆ ఏడు పిల్లలు తక్కువున్న బడులను పక్క బడుల్లో కలపాలని పైనుంచి ఉత్తర్వు. "బోధన అసంతృప్తికరం" అని నేను రాస్తే చాలు, బడి ఆ జాబితాకెక్కుతుంది. చిక్కడపల్లి సందులో, కిరాయి ఇంట్లో నడిచే ఒక బడికి ఆ గండం వచ్చింది. కలిపితే పిల్లలు నారాయణగూడ చౌరస్తా దాటి పోవాలి. ఇళ్లల్లో పనిచేసుకునే తల్లులు "ఆడపిల్లల్ని గంత దూరం పంపం" అని ముందే తెగేసి చెప్పారు.

తనిఖీ అంటే పంతుళ్లకు ఒక పాత విద్య ఉంది: చదివేవాళ్లను ముందు కూర్చోబెట్టి, రానివాళ్లను వెనక దాచడం. నేను బడిలో చదివింది నాలుగేళ్లే, మిగతాదంతా ప్రైవేటుగా పరీక్షలు కట్టి పాసయ్యాను. ఆ నాలుగేళ్లూ వెనక గోడకే ఆనుకున్నవాణ్ని. అందుకే ఏ బడికెళ్లినా నేరుగా చివరి వరుసకే పోయేవాణ్ని.

ఒక మంగళవారం ఆ చిక్కడపల్లి బడికెళ్లి చివరి వరుసలో నలుగురిని లేపాను. నలుగురూ గడగడా చదివారు. అనుమానమొచ్చి ముందు వరుసలో ఒక పిల్లను అడిగితే నోరు మెదపలేదు. పక్కవాడూ అంతే. నా అలవాటు తెలిసి పిల్లల్ని తారుమారు చేశారని మండిపడి, అక్కడికక్కడే "మోసం, బోధన అసంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను.

ఐదు తరగతులకూ సుగుణ టీచర్ ఒక్కతే. ఆమె బతిమాలలేదు. "రానోళ్లే గద సార్ నా దగ్గర కూసోవాల్సింది? వచ్చినోళ్లకు నాతోని ఏం పని? జర ఇంకోసారి చెప్పకుండ వచ్చి సూడుండ్రి" అంది.

నివేదిక శనివారం పంపాలి. శుక్రవారం ప్రార్థన కాకముందే వెళ్లి మెట్ల మీద నిలబడ్డాను. పిల్లలు ఎవరూ చెప్పకుండానే వచ్చి అవే వరుసల్లో కూర్చున్నారు. టీచర్ మొదటి వరుస ముందు నేల మీదే కూర్చుంది. వెనకవాళ్లు ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటున్నారు. ఐదు తరగతులు, ఒకే గది, ఒక్క అరుపు లేదు.

కాసేపటికి ముందు వరుసలో ఒక పిల్ల పేజీ మొత్తం ఆగకుండా చదివింది. టీచర్ తలూపింది. పిల్ల పలక చంకన పెట్టుకుని ఎగిరి గంతేసింది: "నేను ఎన్కకు పోతున్ననోచ్!"

"జల్ది రావే, గిదే నీ జాగ" అని రెండో వరుసవాళ్లు జరిగి చోటిచ్చారు.

"ఏం ఉరుకుతున్నవ్, రేపు నేను గూడ వస్త సూడు" అంది ముందు వరుసలోనే మిగిలిన ఒక పిల్ల. మంగళవారం నోరు మెదపనిది ఆ పిల్లే.

అంత సర్వీసులో, వెనక వరుస బహుమానమైన బడిని అదే చూడటం.

లోపలికెళ్లి మంగళవారం రాసింది ఎర్రసిరాతో కొట్టేసి, "పొరపాటు నాది" అని పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఆ బడి పేరు జాబితాకు పంపలేదు. పైవాళ్లు సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. తనిఖీ ఫారంలో నల్లా ఉందా, సుద్దముక్కలు ఉన్నాయా అని గళ్లున్నాయి. టీచర్ ఎవరి దగ్గర కూర్చుంటుందో రాయడానికి గడి లేదు. ఆ ఫారం తయారుచేసిన మహానుభావులు ఏనాడైనా వెనక గోడకు ఆనుకుని కూర్చున్నారా?

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ బడికెళ్లినా మొదట అడిగింది ఒక్కటే: చదవరాని పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? మిగతా గళ్లు ఆ తర్వాతే నింపేవాణ్ని.