నీళ్ళ చప్పుడు పడని ఓవీడ్ బాబాయ్

ఓవీడ్ బాబాయ్‌కి నీళ్ళు కారుతున్న చప్పుడు పడదు. మిగతా అన్ని విషయాల్లోనూ ఆయన మీలాగా నాలాగా బుద్ధిమంతుడే. కానీ లోకంలో ఏ మూలైనా ఒక చుక్క టప్పుమందంటే, చేతిలో పానా, జేబులో వాషర్లతో అక్కడ ప్రత్యక్షమయ్యేవాడు.

పొద్దున్నే మీరు కాఫీ కలుపుకుంటూ ఉంటారు. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

"మీ కొళాయి కారుతోంది."

"కారడం లేదే, బాబాయ్!"

"నా అడుగుల చప్పుడు విని ఆపేసింది. దొంగది!"

అని కొళాయిని ఓసారి అటూ ఇటూ తిప్పి, కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు కప్పుల కాఫీ తాగి, మీ నడుం నొప్పి ఎలా ఉందో అడిగి, పొయ్యిమీద సాసేజి ఉంటే దాని సంగతి కూడా చూసి వెళ్ళిపోయేవాడు. మా బయూ వాగు ఒడ్డున ఆ రోజుల్లో తలుపులకి తాళాలుండేవి కావు. ఉన్నా లాభం లేదు, నీళ్ళ చప్పుడు తాళం వేస్తే ఆగుతుందా?

ఒకసారి బోర్డెలాన్ వాళ్ళ పసిబిడ్డకి బాప్తిస్మం. ఫాదర్ జెఫిరిన్ చెంబెత్తి నీళ్ళు పోస్తుంటే, ముందు వరసలోంచి బాబాయ్ లేచి వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుని, "చాలు ఫాదర్, క్రైస్తవుడైపోయాడు" అన్నాడు. ఇంకోసారి మా దగ్గర టౌను అలెగ్జాండ్రియాలో ఏదో పెళ్ళి విందుకు వెళ్ళి, హోటలు ముందున్న ఫౌంటెను నోట్లో తన కోటు కుక్కి వచ్చాడు. కోటు తిరిగి రాలేదు గాని, ఫౌంటెను ఆగిందన్న తృప్తి ఆయనకి చాలా ఏళ్ళు మిగిలింది. అబద్ధాలాడకూడదని కాన్వెంటులో సిస్టర్ పెర్పెట్యువా నాకు స్కేలుతో నేర్పింది కాబట్టి, ఇందులో నేను కలిపింది చాలా తక్కువ.

వాన కురిస్తే ఏం చేస్తావని మా ఆవిడ అడిగింది.

"అది దేవుడి కొళాయమ్మా. నా పానా అందదు."

ఇంకా ఒకటి రెండు తిక్కలు ఉండేవి. మీసాలున్న వాళ్ళతో మాట్లాడేవాడు కాదు. "నోటిమీద చీపురు పెట్టుకున్నవాడు ముందు ఊడ్చుకోనీ, తర్వాత మాట్లాడతాను" అనేవాడు. నేను మీసం తీసేసింది ఆయన పోరు పడలేకే. దీపం లేనిచోట అసలు నోరు విప్పేవాడు కాదు. సరేలే, పెద్దాయన కదా అని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఇలాంటి మనిషికి క్లోతీల్డ్ అక్క తన బాతుల చెరువు తూము అప్పగించింది. అంతకంటే తగినవాడు ఆ చుట్టుపక్కల లేడు మరి. భర్త ఆల్సీ పోయాక అక్కకి మిగిలింది ఆ చెరువే. ఓక్ చెట్ల అడవి చుట్టూ కట్ట వేసి, శీతాకాలానికి నీళ్ళు నింపి, వేటగాళ్ళ క్లబ్బు నడిపేది. పచ్చతల బాతులకి మునగడం రాదు. తోక పైకెత్తి, తల కిందికి దించి, అందినన్ని ఓక్ కాయలు తింటాయి. అందుకని నీళ్ళు మోకాలి దగ్గరే ఉండాలి. నడుం దాకా ఉన్నాయంటే, అవి మన నెత్తిమీదుగా ఎగిరి, మన వైపు జాలిగా చూసి, పక్కనే పోటీ క్లబ్బు నడిపే డుప్రే గారి వరి మడిలో దిగుతాయి. వాటి వెనకే క్లబ్బు సభ్యులూ దిగుతారు.

తూములో చెక్క పలకలుండేవి. బాబాయ్ పొద్దున ఒక పలక తీసి నీళ్ళు వదిలేవాడు. ఆ పారే చప్పుడు విని సాయంత్రం బీవర్లు వచ్చేవి. తెడ్డులాంటి తోకా, ఉలుల్లాంటి పళ్ళూ ఉన్న ఆ జంతువులకి కూడా అదే జబ్బు: నీళ్ళు కారకూడదు. కొమ్మలు కొరికి తెచ్చి, బురద మెత్తి, తెల్లారేసరికి తూముని సీసాకి బిరడా కొట్టినట్టు మూసేసేవి.

"ఓవీడూ, ఇవి మీ చుట్టాలు కారు కదా?" అని క్లబ్బులో ఏడిపించేవారు.

"పెద్దది మా అల్లుడే. పనిమంతుడు. మా అమ్మాయిని చేసుకున్నవాడి కంటే నయం" అనేవాడు బాబాయ్.

ఆ ఏడు అల్లుడు మరీ రెచ్చిపోయాడు. వేట మొదలయ్యే వారానికి నీళ్ళు నడుం దాటాయి. క్లోతీల్డ్ అక్క రబ్బరు బూట్లతో కట్టమీదికి వచ్చి, బాబాయ్ ఎదురుగా నిలబడింది.

"శనివారం పొద్దునకి నీళ్ళు మోకాలి దగ్గరుండాలి. లేకపోతే మధ్యాహ్నానికి ఆ బీవర్ గూడు గాల్లో ఉంటుంది. డైనమైటు షెడ్డులో ఉంది. చెప్పలేదంటారేమో, చెప్పాను."

"అందులో పిల్లలున్నాయమ్మా."

"పిల్లలున్నవాడు వాడే ఒద్దికగా ఉండాల్సింది. మొదటి రోజు బాతు దిగకపోతే నా సభ్యుడు ఒక్కడు మిగలడు. డుప్రే ఇప్పటికే ఇద్దరిని పిలిచి గంబో పులుసు తినిపించాడు."

అక్క అన్న మాట అంటే అంతే. పెళ్ళిలో ఆల్సీ "ఔను" అనడం కాస్త ఆలస్యం చేస్తే ఆయన తరఫున తనే అనేసిన మనిషి.

మర్నాడు బాబాయ్ నన్ను పట్టుకుపోయాడు. పడవలో పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం, ఒళ్ళంతా చిల్లులు. చివర మూత. చుట్టూ కంచె తీగ.

"మా అల్లుడు చప్పుడు ఉన్నచోటే మూస్తాడు. నీళ్ళు చప్పుడు లేకుండా పోతే వాడికి పనేముంది? దీన్ని లోతులో ముంచుదాం. నీళ్ళు చిల్లుల్లోంచి దూరి, లోపల్లోపలే తూములోకి పోతాయి. దొంగ కోడలు నెయ్యి తాగినట్టు."

మధ్యాహ్నం దాకా చన్నీళ్ళలో వణుకుతూ ముంచాం. తూముని మూసిన బురద తవ్వి, గొట్టం బిగించాం. అవతలి వైపు వాగులో మట్టం పెరగడం మొదలైంది. నీళ్ళు పోతున్నాయి. బాబాయ్ గొట్టం మీద అరచెయ్యి ఆనించి, కాసేపు నిలబడి, నా ముఖంలోకి చూశాడు.

"ఒరేయ్ తిబో, చప్పుడొస్తోందా?"

నాకు నవ్వొచ్చింది. "నన్నడుగుతావేం? ఊరవతల కొళాయి వినేవాడివి నువ్వు!"

ఆయన నవ్వలేదు. "చుక్క చప్పుడున్నా వాడు ఈ రాత్రికి మూసేస్తాడు. శనివారం క్లోతీల్డ్ అన్నంత పనీ చేస్తుంది. వేళాకోళం కాదు. ఉందా, లేదా?"

నేను వంగి బూటులో నీళ్ళు వంపుకుంటూ, "నీకు వినబడట్లేదా?" అన్నాను. ఆయన ఇంకా నా వీపు వంకే చూస్తున్నాడు. ఇంకా గట్టిగా అన్నాను. కట్టమీది కొంగ ఎగిరిపోయింది గాని బాబాయ్ కదల్లేదు. లేచి, ఆయన ముఖం ముందు ముఖం పెట్టి, అదే మాట మెల్లిగా అడిగాను.

"లేదురా," అన్నాడు వెంటనే. "ఎప్పుడో పోయాయి చెవులు. రైసుమిల్లులో యంత్రాల పక్కన అన్నేళ్ళు నిలబడితే ఇంకేం మిగులుతాయి? మీ పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను."

నా చేతిలో బూటు చెరువులో పడింది.

"మరి కొళాయిలు?"

"ఆల్సీ పోయిన కొత్తల్లో, ఎలా ఉన్నావమ్మా అని క్లోతీల్డ్ ఇంటికి వెళ్ళాను. 'నేనేమన్నా మంచాన పడ్డానా' అని తలుపు ముఖాన వేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళి కొళాయి కారుతోందన్నాను. కాఫీ ఇచ్చింది."

ఆయన పానా పట్టుకుని తిరిగే ఇళ్ళు ఒక్కొక్కటే నా కళ్ళముందు వచ్చాయి. కాలు విరిగి బాత్‌రూములో పడిపోయిన జెనోన్ ముసలాయన. ఆయన్ని ఎవరు కనిపెట్టారు? కొళాయి బాగుచెయ్యడానికి వచ్చిన బాబాయే. కొడుకు పోయిన టీచరమ్మ. అన్నీ ఒంటరి మనుషుల ఒక్క కుర్చీ ఇళ్ళే.

"మరి మా ఇంట్లో నేనూ మా ఆవిడా ఉన్నాం కదా. అక్కడికెందుకు?"

"మీ ఆవిడ కాఫీ బాగుంటుంది. వెధవ ప్రశ్నలు మాని విను ముందు!"

విన్నాను. నీళ్ళలో గడ్డం దాకా దిగి, చెవి ఆనించి విన్నాను. గొట్టం వంపు దగ్గర గాలి పీలుస్తూ సన్నగా గుర్రుమంటోంది. చేత్తో చూపించాను. ఇసకబస్తా ఎత్తి వంపుమీద పడేశాడు. ఇంకా ఉందన్నాను. ఇంకో బస్తా. ఇప్పుడు? తల అడ్డంగా ఊపాను. నిశ్శబ్దం. ఆ ముసలాయన ముఖం అంతలా వెలగడం నేను మళ్ళీ చూడలేదు.

శనివారం తెల్లవారేసరికి నీళ్ళు మోకాలి దగ్గరున్నాయి. తూము మీద ఒక్క పుల్ల లేదు. ఓక్ చెట్ల మధ్యకి పచ్చతల బాతులు ఎలా దిగాయంటే, ఆకాశం అడుగు ఊడి పడిందా అనిపించింది. ఒక జంట ఏకంగా బీవర్ గూడు మీదే కూర్చుంది. క్లోతీల్డ్ అక్క తుపాకీ గురిపెట్టి, మళ్ళీ దించేసింది. "వాళ్ళ ఇంటికి వచ్చిన చుట్టాలు. పోనీ" అంది. డైనమైటు ఊసు ఎవరూ ఎత్తలేదు.

సోమవారం పొద్దున అక్క ఇంట్లో కూర్చుని ఉన్నాను. బాబాయ్ రహస్యం చెప్పాలా వద్దా అని కప్పులో చెంచా తిప్పుతూనే ఉన్నాను. కిటికీలోంచి బాబాయ్ ట్రక్కు మలుపు తిరగడం కనబడింది. అక్క గబుక్కున లేచి, వంటింటి కొళాయి కాస్త వదులుచేసింది. టప్. టప్. టప్.

"అక్కా! ఆయనకి..."

"నోరు ముయ్యి. తెలుసు. ఇన్నేళ్ళుగా వెనకనుంచి తిడుతున్నాను. ఒక్కసారి తిరిగి చూశాడా?"

"మరి కొళాయి తిప్పడం దేనికి?"

"కళ్ళున్నాయిగా! కారని కొళాయి ముందు పానా పట్టుకుని ఎంతసేపు నిలబడతాడు, పాపం?"

తలుపు తెరుచుకుంది. "మీ కొళాయి కారుతోందమ్మా!"

"అబ్బ, ఏం చెవులండీ మీవి!" అని అక్క ఆయన ఎదుటికి వెళ్ళి, వెలుగులో నిలబడి అంది. "రండి, కూర్చోండి. మీ అల్లుడెలా ఉన్నాడు?"

బాబాయ్ ముఖం వాడిపోయింది. "ఏం చెప్పనమ్మా. తూము దగ్గర చప్పుడు లేదు, పని లేదు. గట్టుమీద కూర్చుని తోక చూసుకుంటున్నాడు."

అక్క కాఫీ పోసి ఆయన ముందు పెట్టింది.

"పైన వాగులో మనకి అడ్డం రానిచోట ఎక్కడైనా, చిన్న చిల్లు గొట్టం ఒకటి పెట్టండి," అంది. "కాస్త చప్పుడయ్యేలా."