ఇన్‌స్పెక్టరుగారి దొంగాట

తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగారు పేకాటలో దొంగాట ఆడతారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తక్కెడలో పిసరు తేడా వస్తే చాలు, కొట్టువాళ్లను గడగడలాడించిన మనిషి. రిటైరయ్యాక మాత్రం నలుగురితో పేకాటకు కూర్చుంటే కక్కుర్తి పుట్టుకొస్తుంది. పోనీ అదైనా చేతనవుతుందా అంటే, అదీ లేదు. ఎవరూ అడక్కముందే లేచి ఒప్పేసుకుంటారు.

"దొంగాట ఆడేవాడు ఎవడైనా తనంతట తనే చెప్పుకుంటాడటండీ?" అని తల బాదుకునేవారు ఆయన భార్య. ఆవిడ హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేశారు. కాపీ కొట్టిన పిల్లల్ని ఎండలో నిలబెట్టారు కానీ మొగుణ్ణి నిలబెట్టలేక కుమిలిపోయేవారు.

చలికాలంలో కూడా వాళ్ల ఊళ్లో వెచ్చటి ఎండ కాస్తుంది. సముద్రం ఇంటికి ఎదురుగానే. అందుకని చలి ఊళ్లలోని స్నేహితులంతా ఓ శని, ఆదివారాలు వచ్చి గడిపేవారు. ఇప్పుడు వాళ్లలో ఒకాయన పోయారు. ఒకావిడ మంచం పట్టింది. మిగతావాళ్లు ప్రయాణాలు మావల్ల కాదన్నారు. ఈ ఏడు వచ్చింది రైలింజను డ్రైవరుగా చేసిన ఆయన, నర్సుగా చేసిన ఆయన భార్య, అంతే. వరండాలో కుర్చీలు మాత్రం అన్నీ అలాగే ఉన్నాయి, తీసి లోపల పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

శనివారం పొద్దున్న కాఫీలవగానే ఎండలో రమ్మీకి కూర్చున్నారు. కాసేపటికి డ్రైవరుగారు "షో!" అని ముక్కలు పరిచారు. అన్నీ కుదిరాయి కానీ, ఇస్పేటు ఏడొకటి ఎక్కువగా మిగిలిపోయింది.

"ఇదెక్కడిది?" అన్నారాయన. నవ్వుతున్న మొహం పాలిపోయింది.

"నేనే బావా!" ఇన్‌స్పెక్టరుగారు ఎగిరి నిలబడ్డారు. "నువ్వు సముద్రం చూస్తుంటే నీ ముక్కల్లోకి దూర్చేశా!"

"మీకేం పోయేకాలం అన్నయ్యగారూ!" అంది నర్సు.

"ఈయన బుద్ధి గడ్డి తింది వదినా," అన్నారు హెడ్మిస్ట్రెస్.

డ్రైవరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పూటంతా అదే తంతు. డ్రైవరుగారికి వంతు తప్పితే "నేనే కంగారుపెట్టా" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. జోకరు తారుమారైతే "నేనే మార్చా" అన్నారు. తిట్లు మాత్రం తృప్తిగా తిన్నారు.

మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు తుడుస్తూ నర్సు గొంతు తగ్గించింది.

"మీ అన్నయ్యకి మతిమరుపు జబ్బు వదినా. స్కాన్ తీసి మరీ చెప్పారు. నయమయ్యేది కాదట. మొన్న మా వీధిలోనే దారి తప్పారు. అప్పట్నుంచీ నలుగురిలోకి రానంటున్నారు. 'ఈ ఒక్కసారికీ వస్తా, అక్కడ కూడా తప్పు చేస్తే ఇంక గది దాటను' అని పట్టుబట్టారు. చిత్రం చూడు, ఇక్కడికొచ్చాక ఒక్క తప్పూ చెయ్యలేదు! మీ ఊరి గాలి పడినట్టుంది."

హెడ్మిస్ట్రెస్‌గారి గుండె చెరువైంది. అలాంటి మనిషి దగ్గరా తన మొగుడి వెధవ్వేషాలు!

ఆదివారం ఆవిడ బడి క్రమశిక్షణ బయటికి తీశారు. మొగుణ్ణి బల్ల ఆ చివర, ఎవరికీ అందనంత దూరంలో కూర్చోబెట్టారు.

"చేతులు బల్ల మీదే ఉండాలి. కదిలాయో, మీకు భోజనం లేదు."

తను డ్రైవరుగారి పక్కన కాపలా కూర్చున్నారు.

ఆట మధ్యలో డ్రైవరుగారు ముక్క తీసి పేర్చుకున్నారు. కాసేపు సముద్రంలోకి చూశారు. మళ్లీ చెయ్యి చాచి ఇంకో ముక్క తీశారు. నర్సు తన ముక్కలు సర్దుకునే పనిలో ఉండి చూడలేదు. "తప్పు" అనబోయిన హెడ్మిస్ట్రెస్‌గారికి ఎదురుగా మొగుడి మొహం కనపడింది. ఆయనా చూశారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు తెలిసింది ఆవిడకి. ఇంట్లో ఇద్దరే ఆడుకునేటప్పుడు ఈ మనిషి ఏనాడూ దొంగాట ఆడలేదు. ఆ మాటకొస్తే ఎవరితోనూ ఆడలేదు. స్నేహితుల తప్పులు నెత్తిన వేసుకుని ఇన్నాళ్లూ తన చేత తిట్లు తిన్నాడు. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

"షో," అన్నారు డ్రైవరుగారు. ముక్క మిగిలింది. ఆయన ఆశగా బల్ల ఆ చివరికి చూశారు.

ఇన్‌స్పెక్టరుగారు "నే..." అని ఆగిపోయారు. అంత దూరంనుంచి దూర్చానంటే పసిపిల్లాడు కూడా నమ్మడు.

"అయితే... ఇది నేనే..." డ్రైవరుగారు కుర్చీ వెనక్కి జరిపారు.

"నేనే అన్నయ్యా!" అన్నారు హెడ్మిస్ట్రెస్. బుద్ధెరిగాక ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. గొంతు కీచుమంది. "పక్కనే ఉన్నాగా, దూర్చేశా."

నర్సు వదిన వంక చూసింది, ఆ చివరనున్న అన్నయ్య వంక చూసింది, గభాలున కళ్లు దించేసుకుంది.

"నువ్వా చెల్లెమ్మా!" డ్రైవరుగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "దొందూ దొందేనన్నమాట! మిమ్మల్నిలా వదిలేస్తే లాభం లేదు. వచ్చే చలికాలం కూడా వచ్చి మీ ఇద్దరి మీదా ఓ కన్నేసి ఉంచాల్సిందే."

"రా బావా, తప్పకుండా రా," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఆ తర్వాత భార్య వైపు తిరిగి, "ఇంత చదువుకుని ఇదేం బుద్ధే నీకు?" అని పరమానందంగా కసిరారు.

ఆవిడ తలొంచుకుని తిట్లన్నీ తిని, ముక్కలు కలపడం మొదలుపెట్టారు.