నేను సర్దిపెట్టిన నాలుగు బూట్ల పెట్టెలు

ఒక మనిషి ముప్పై ఏళ్ళ కష్టాన్ని మూడు రోజుల్లో మట్టిపాలు చేయడం ఎలాగో తెలుసుకోవాలంటే మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, నా దగ్గర కూర్చుంటే చాలు. పైగా ఆ పని నేను ఉచితంగా, ఎవరూ అడక్కుండా, నడుము పట్టేసేలా కష్టపడి మరీ చేశాను. చెప్పి చెప్పి అలిసిపోయాను. అయినా అమెరికాలో మేముండే ఈ పార్సిప్పనీలో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ఎవరో ఒకరు "అంకుల్, ఆ పెట్టెల కథ చెప్పండి" అంటూ పేపర్ ప్లేటు పట్టుకుని ఎదురుగా కూర్చుంటారు. తీరా అసలు చోటికి వచ్చేసరికి కేకు కోస్తున్నారని లేచిపోతారు. అందుకని ఈసారి రాసి పడేస్తున్నాను. చదువుకోండి, నన్ను వదిలేయండి.

అదంతా కుర్రతనం. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళే. ఇప్పుడు డెబ్భై ఎనిమిది.

నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ తప్పాను. ఆ తరవాతి చదువంతా తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా ఉన్నప్పుడు అబ్బిందే. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం, అచ్చయ్యాక వాటిని విడదీసి ఏ గడిలోది ఆ గడిలో వేయడం, ముప్పై నాలుగేళ్ళు ఇదే పని. ఎమ్మేలు చదివినవాళ్ళ పుస్తకాల్లో తప్పులు దిద్దినవాణ్ణి. ఎవరి పుస్తకంలో ఎన్నో పేజీలో ఏ తప్పు ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. వాళ్ళలో ఒక్కడూ నా పేరైనా అడగలేదన్న సంగతి కూడా చెప్పగలను, కానీ ఇప్పుడు ఆ ఓపిక లేదు. మొత్తానికి ఆ పనివల్ల నా వేళ్ళకు ఒక జబ్బు పట్టుకుంది. కలగాపులగంగా ఉన్నది ఏది కనిపించినా అవి ఊరుకోవు. మా అమ్మాయి సునీత ఇంట్లో పోపుల డబ్బా మొదలుకొని అల్లుడి సాక్సుల సొరుగు దాకా నేను సర్దనిది లేదు, నేను సర్దాక వాళ్ళకు దొరికిందీ లేదు.

మా అపార్ట్‌మెంటుకి ఎదుటి తలుపు స్టెర్యు గారిది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అరుమేనియన్. "అంటే ఆర్మీనియానా, మావయ్యా?" అంటాడు మా అల్లుడు. కాదు. రొమేనియా కూడా కాదు. బాల్కన్ కొండల్లో గొర్రెల మందల వెంట తిరిగి తిరిగి నాలుగైదు దేశాల్లో చెదిరిపోయిన జనం వాళ్ళు. తమదంటూ దేశం లేదు, ఆ భాష నేర్పే బడి దొరకడం కష్టం. ఈయన అక్కడ భాషాశాస్త్రం చదివి, ఇక్కడికొచ్చి బేకరీలో రొట్టెలు కాల్చి, మిగిలిన టైమంతా ఆ భాషకు నిఘంటువు కూర్చాడు. వాళ్ళ ముసలమ్మల పక్కన కూర్చుని, వాళ్ళు మాట్లాడుతుంటే మాటకొక కార్డు చొప్పున రాసుకునేవాడు. కార్డు మీద మాట, కింద ఇంగ్లీషులో అర్థం.

మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే కనక మేం ఒకరికొకరం బ్రహ్మాండంగా అర్థమయ్యేవాళ్ళం.

ఆయన మోకాలి ఆపరేషనుకు ఆస్పత్రికి వెళ్తూ ఇంటి తాళం నా చేతిలో పెట్టాడు. "వీరా, కిటికీలో మూడు మొక్కలున్నాయి. నీళ్ళు పోస్తే చాలు. ఇంకేమీ చేయొద్దు."

నీళ్ళు పోయడం రెండు నిమిషాల్లో అయిపోయింది. బల్ల మీద నాలుగు పాత బూట్ల పెట్టెలున్నాయి, ఒక్కోటి ఒక్కో రంగు. తెల్లదాని మూత తీసింది నేను కాదు, నా వేళ్ళు. మొదటి కార్డు: పాలు. రెండోది: జున్ను. తరవాత కుక్క. తరవాత తోడేలు. ఆ తరవాత మరిది!

నా గుండె ఆగినంత పనైంది. ముప్పై ఏళ్ళుగా నిఘంటువు కూరుస్తున్న మనిషికి అక్షరక్రమం తెలియదా? చదువుకున్నవాళ్ళంటే నాకు ఎందుకు మంటో ఇప్పుడైనా అర్థమైందా మీకు?

మధ్యాహ్నానికి సునీత ఫోన్ చేసింది. "నాన్నా, మొక్కలెన్ని?"

"మూడు."

"మూడు మొక్కలకి మూడు గంటలా? ఏం సర్దుతున్నారు?"

"పాపం, ఆయన కార్డులన్నీ కలిసిపోయి ఉన్నాయమ్మా. ఏబీసీడీల్లో పెడుతున్నాను."

"ఆయన అడిగారా?"

"అడిగితే చేసేది ఉద్యోగం. అడక్కుండా చేస్తేనే సాయం."

"నాన్నా, ప్లీజ్, అవి టచ్ చేయకండి. ఆయన ఎన్ని ఇయర్స్ వర్క్ చేశారో... యెస్, యెస్, గో అహెడ్, ఐ యామ్ హియర్," అంటూ మీటింగులో పడిపోయింది.

ఆ "గో అహెడ్" నాతో అన్నది కాదని నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.

మూడు రోజులు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నాలుగు పెట్టెలూ బోర్లించి, కుప్ప చేసి, ఏ నుంచి జెడ్ దాకా ఒక్క కార్డు కూడా తప్పకుండా పేర్చాను. పెట్టెల మీద కొత్త లేబుళ్ళు అంటించాను.

స్టెర్యు గారు వాకర్ పట్టుకుని ఇంటికొచ్చిన రోజు నేను కొత్త షాపు ఓపెనింగుకి వచ్చిన మంత్రిలా తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన బల్ల దగ్గర మెల్లగా కూర్చున్నాడు. తెల్ల పెట్టె మూత తీశాడు. ఒక కార్డు చూశాడు. ఇంకోటి చూశాడు. తరవాత తలెత్తి అడిగాడు.

"వీరా, మా అమ్మ ఏది?"

"ఎమ్‌లో చూడండి," అన్నాను.

దేవుడా. పన్నెండేళ్ళయింది. ఇప్పటికీ పళ్ళు తోముకుంటుంటే ఆ మాట గుర్తొచ్చి ఆగిపోతాను.

సంగతేమిటంటే, ఒక్కో పెట్టె ఒక్కో ముసలమ్మది. ఒక మాటకు ఒకటే కార్డు, మొదట ఎవరి నోట విన్నాడో ఆమె పెట్టెలో. తెల్ల పెట్టె వాళ్ళమ్మది. చనిపోయే ముందు ఒక చలికాలమంతా ఆవిడ మాట్లాడుతుంటే ఆ వరసలోనే రాసుకున్నాడు. పాలు పితికారు, జున్ను పెట్టారు, కుక్క మొరిగింది, తోడేలు వచ్చింది, కాపలా ఉండాల్సిన మరిది గుర్రుపెట్టి నిద్రపోయాడు. అదీ ఆ వరస! ఆవిడ గొంతు రికార్డు చేసింది లేదు. ఉన్నదల్లా ఆ పెట్టే.

"మరి కార్డు మీద పేరెందుకు రాయలేదు?" అని కేకలేశాను. తప్పు నాదైనప్పుడు నాకు కోపం కొంచెం ఎక్కువ.

"అమ్మ మీద పేరు ఎవడు రాసుకుంటాడు, వీరా?" అన్నాడాయన.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. మిగతా ముగ్గురు ముసలమ్మలూ బతికే ఉన్నారు. ఎవరి మాటలు వాళ్ళు ఏరుకుంటే మిగిలినవి అమ్మవే కదా! ఆయనకు నమ్మకం లేదు, కానీ వేరే దారీ లేదు.

శనివారం సునీత డ్రైవ్ చేసింది. పెట్టెలకు కూడా సీటు బెల్టు పెట్టింది, నాతో మాత్రం దారి పొడుగునా మాట్లాడలేదు. సుల్తానా అనే పెద్దావిడ ఇంట్లో ముగ్గురూ సిద్ధంగా ఉన్నారు. మిగతా ఇద్దరు వాంగెలా, తషా. స్టెర్యు గారు ఒక్కో కార్డూ చదవడం, వాళ్ళు చెప్పడం, ఆయన మాకు ఇంగ్లీషులో చెప్పడం.

"పాలు."

మూడు చేతులు ఒక్కసారే లేచాయి.

"రొట్టె."

"నాది," అంది సుల్తానా. "వాంగెలాకి రొట్టె చేయడం ఎప్పుడొచ్చింది గనక?"

"నీ రొట్టె తినే కదే మీ ఆయన పళ్ళన్నీ ఊడాయి!" అంది వాంగెలా.

"మంచు."

"నాదే. మీ ఊళ్ళో అసలు మంచు పడేదా?" అంది తషా.

మర్యాదకైనా ఒక్కరూ ఒక్క మాట వదిలితేగా! గొర్రె, మేక, గొంగళి, ఆకాశం, అన్నీ ఎగరేసుకుపోయారు. పెళ్ళిలో పిల్లలు ఏరుకునే చిల్లర కూడా అంత జోరుగా ఖాళీ కాదు. ముగ్గురి ఒళ్ళో కుప్పలు పెరుగుతున్నాయి. బల్ల మీద తెల్ల పెట్టె ఖాళీగా ఉంది. స్టెర్యు గారి గొంతు తగ్గిపోతోంది. నేను కార్పెట్ మీద పువ్వులు లెక్కపెడుతున్నాను.

చివరికి చేతిలో ఒక చిన్న కట్ట మిగిలింది. పై కార్డు చూపిస్తే సుల్తానా లెంపలు వాయించుకున్నంత పనిచేసి వెనక్కి తోసింది. "నాది కాదు."

వాంగెలా చూసి, "నాకేం తెలుసు!" అని కిటికీ వైపు తిరిగింది.

తషాకి చూపు ఆనదు. "గట్టిగా చదువు," అంది. ఆయన చదివాడు. ఆవిడ కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది. "ఛీ ఛీ! నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని. అలాంటి మాటలు మా ఇంటావంటా లేవు!"

"ఏమిటమ్మా అవి?" అన్నాను సునీతతో.

తను కట్ట అందుకుని ఇంగ్లీషు అర్థాలు చదివింది. "నాన్నా, ఇవన్నీ తిట్లు! 'నీ పొయ్యిలో మంచు కురవ.' 'నీ మంద నిన్ను వదిలి నీ బావమరిది వెంట పోను.' 'నీ గాడిదకి నీకంటే మంచి సంబంధం రాను.' ఓ మై గాడ్, ఇంకా చాలా ఉన్నాయి."

వాళ్ళమ్మతో కలిపి నలుగురూ చెప్పిన తిట్లే అవి, నాకు అనుమానం లేదు. కానీ ముగ్గురు పతివ్రతలూ చేతులు దులుపుకున్నాక ఇంకెవరివి?

స్టెర్యు గారు ఆ కట్ట తీసుకుని తెల్ల పెట్టెలో పెట్టాడు. మూత వేయబోయి ఆగాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నేను లేచి దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ, వాకర్ ఊగేలా నవ్వుతున్నాడు.

"వీరా, ఇదే మా అమ్మ! పాలూ, రొట్టే ఆవిడ ఎప్పుడూ ఇరుగుపొరుగుకి పంచిపెట్టేది. తిట్లు మాత్రం ఒక్కటి కూడా బయటికి పోనివ్వకుండా మా కోసమే దాచేది."

నిరుడు నిఘంటువు అచ్చయింది. అందులో ఏ తిట్టు చూసినా పక్కన వాళ్ళమ్మ పేరే. ఆవిడ చెప్పిన మరిది నిద్ర కథ మాత్రం ఇక ఎవరికీ తెలియదు, ఆయనకూ నాకూ తప్ప. ఇప్పుడు మీకూ. ఆయన రోజూ పొద్దున్నే తలుపు తీసి, "వీరా, నీ పొయ్యిలో మంచు కురవ!" అని పలకరిస్తాడు. మాది ఎలక్ట్రిక్ స్టవ్వు కనక పెద్ద ప్రమాదమేమీ లేదు.

కాబట్టి అందరి ఎదుటా, మా ప్రెస్సులోని ప్రతి సీసపు అక్షరం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గందరగోళంగా కనిపించినా ఎవరి పెట్టె మూతా తీయను. స్టెర్యు గారు వచ్చే నెల రెండో మోకాలి ఆపరేషనుకు వెళ్తూ తాళం మళ్ళీ నాకే ఇస్తానన్నాడు. మొక్కలు ఇప్పుడు అయిదు. వెళ్తాను, నీళ్ళు పోస్తాను, వచ్చేస్తాను, అదీ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే. మరి నీళ్ళెలా పోస్తావని మాత్రం నన్నడక్కండి.