కారణాలు బంద్ చేసిన ఏడాది

మా నాన్నకు నడుము పట్టేసి మంచమెక్కడంతో గద్వాలలో మా ఆరు మగ్గాల పెత్తనం నా నెత్తిన పడింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నేత వచ్చు, పట్టు రంగులు తెలుసు, బేరం చేయగలను. మనుషులతో పని చేయించడమొక్కటే చేతకాదు. ఆ సంగతి నాకు తప్ప వీధిలో అందరికీ తెలుసు.

చీర ఎందుకు ఆలస్యమైందో నేతగాళ్లు చెప్పే కారణాలు వినడం పొద్దున్నే నా మొదటి పని. అమావాస్య నాడు మగ్గం ముట్టకూడదని మా ఆచారం. మొదటి మగ్గం ఆయన పంచాంగంలో నెలకు మూడు అమావాస్యలొచ్చేవి. రెండో మగ్గం ఆయన అత్తగారు అయిజలో ఉండేది. అక్కడ సంత జరిగిన ప్రతిసారీ ఆమెకు ప్రాణం మీదికొచ్చేది. అల్లుడు పరుగున పోయి చూసి, గంపెడు మిరపకాయలతో తిరిగొచ్చేవాడు. మూడో ఆయనకు లడాయి ఉంది. సముద్రాల అవతల జరిగే ఆ యుద్ధం వల్ల నూలు దొరకడం లేదంటే ఒప్పుకోవచ్చు. ఆయన మధ్యాహ్నం కునుకు పట్టినా దాని మీదికే నెట్టేవాడు.

“గంత లడాయి నడుస్తుంటె మనసు యాడ నిలుస్తది, నువ్వే చెప్పు” అనేవాడు.

నాన్న ఇవన్నీ ఓపికగా వినేవాడు. అది ఆయన మెతకదనమని నా నమ్మకం.

నాలుగో మగ్గం మామది. వరుసకు మా అమ్మకు అన్న. మా చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. ఆ రెండింటినీ మగ్గం మీదే పోగు పోగుకూ కలుపుతూ నేయాలి. అందులో మామ చేతికి ఎదురులేదు. అత్త పక్కన కూర్చుని పట్టు చుట్టిన కండెలు రంగు చూసి అందించేది. అలాంటి మనిషి కూడా ఏడాదిగా కొత్త పాట ఎత్తుకున్నాడు.

“మబ్బు పట్టింది అల్లుడా, వెల్తురు సాల్తలేదు.”

బయట చూస్తే ఎండ మాడు పగలగొడుతుండేది. “గొడుగు తెమ్మంటవా మామా?” అని నేనంటే మగ్గాలన్నీ ఆపి అందరూ నవ్వేవారు. మామ కూడా నవ్వేవాడు.

ఇంతలో వనపర్తి బట్టల సేటు నుంచి కబురొచ్చింది. పెళ్లి చీర, ముదురాకుపచ్చ అంచు, నెల గడువు. మా చీరల్లో సగం కొనేది ఆయనే. ఆయన మొహం తిప్పుకుంటే మూడు మగ్గాలు మూలపడతాయి. చీర మామకు అప్పగించి, అందరినీ వరుసగా నిలబెట్టాను.

“ఇయ్యాల్టి సంది కారణాలు బంద్. చీర సూపియ్యండి, కతలు జెప్పకండి. కారణం జెప్పినోడు మగ్గం దిగుడే.”

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. అమావాస్యలు నెలకు ఒకటికి తగ్గాయి. అయిజ అత్తగారు కోలుకుంది. లడాయి కూడా మా వీధి ఖాళీ చేసింది. మామ మబ్బు మాటే ఎత్తలేదు. నేను మీసం మెలేసి, పెత్తనం ఎలా చేయాలో నాన్నకే పాఠం చెప్పాను. పాపం, నడుము పట్టిన మనిషి, లేచి వెళ్లలేక అంతా విన్నాడు.

గడువుకు రెండు రోజుల ముందు మామ చీర తెచ్చాడు. వెలుతురులో విప్పి చూశాను. ఆకుపచ్చ అంచు మధ్యలో రెండు చోట్ల జానెడేసి ముదురు నీలం.

“ఇదేంది మామా?”

ఆయన అంచు మీద వేళ్లు పెట్టి తడుముతూ పోయాడు. నీలం మీదుగా కూడా ఆగకుండా పోయాడు.

“కండె మారినట్టుంది అల్లుడా. మీ అత్త బిడ్డ కాన్పుకని తిమ్మాజిపేట పోయింది. ఆమె ఉంటె రంగులు సూసి ఇస్తుండె. నాకు ఏడాది సంది పచ్చ, నీలం ఒక్కతీరే కానొస్తున్నయి.”

“మరి నాకెందుకు జెప్పలే?” అని అరిచాను.

“జెప్తె నవ్వినవు. మల్ల జెప్పనే వద్దంటివి. మగ్గం దిగి నేను యాడికి పోవాలె?”

సిగ్గుతో తల వాలిపోయింది. అయినా మర్నాడు వనపర్తికి పోయే దారంతా సేటుకు ఏం చెప్పాలా అనే ఆలోచించాను. పట్టు ఆలస్యంగా వచ్చిందన్నాను. ముసురు పట్టిందన్నాను. రంగు సరిగా దిగలేదన్నాను. చివరికి లడాయిని కూడా లాక్కొచ్చాను. సేటు తెల్లగడ్డం నిమురుకుంటూ అన్నీ విన్నాడు, ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. తర్వాత నీలం పడ్డ చోట వేలు పెట్టి చూశాడు.

“పోగులు మంచిగనే కలిసినయి బేటా. గిది చెయ్యి తప్పు గాదు. నేసినాయనకు కండ్లు మంచిగున్నయా?”

ఏడాదిలో నేను ఒక్కసారైనా అడగని ప్రశ్న అది. నిజమంతా కక్కేశాను. పెళ్లివాళ్లకు తాను చెప్పుకుంటానని సేటు పది రోజుల గడువిచ్చాడు. ముందు ఆ మనిషిని దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. కొత్త చీరకు నేనే మగ్గమెక్కాను. అది దిగగానే మామను రాయచూరు తీసుకుపోయాను.

డాక్టరు ఒక కంటికి పొర తీస్తే చూపొస్తుందన్నాడు. రెండో కన్ను చేయి దాటిపోయిందన్నాడు.

“ఇన్నాళ్లు ఏం చేస్తున్నావు? ఎందుకు రాలేదు?” అని మామను గద్దించాడు.

మామ నా వైపు తిరిగి, నా భుజం ఎక్కడుందో తడిమి పట్టుకున్నాడు.

“పనుండె సారు. మావోడు రమ్మనే అన్నడు, నాకే తీర్లే.”

మామ నోట నేను విన్న దొంగసాకు అదొక్కటే.